సైకిళ్ళ మీద పార్కులకు

పోయిన నెల మరణం గురించి రాశాం. అది చదివి ఒక సహోదరి ఫోను చేసి, "అయ్యగారూ, ఈసారి కాస్త తేలికైన సంగతి రాయండి, ఆ రాత్రి నిద్ర పట్టలేదు" అన్నారు. అందుకని ఈ నెల సైకిళ్ళ గురించి. తేలికైనదే అనుకొని మొదలుపెడుతున్నాం.

మేము కాపురం ఉంటున్నది కడియం మండలంలో ఒక చిన్న ఊరు. కడియం అనగానే ఎవరికైనా మొక్కలే గుర్తొస్తాయి. కడియపులంక, కడియపుసావరం, బుర్రిలంక, వేమగిరి, ఎటు చూసినా నర్సరీలే. జాతీయ రహదారి పక్కన పచ్చ వలల పందిళ్ళు, వాటి కింద బారులు తీరిన నల్ల కవర్లు, ఒక్కో కవరులో ఒక్కో మొక్క. సాయంత్రమయ్యేసరికి లారీలు నిండుతాయి. హైదరాబాదు వెళ్ళేవి, బెంగళూరు వెళ్ళేవి, ఇంకా పైకి ఉత్తరాదికి వెళ్ళేవి. మీ ఊళ్ళో ఈమధ్య పార్కు కట్టి ఉంటే, అందులో నూరువరహాల కంచె, పసుపుపచ్చ ఆకుల డ్యురాంటా, చాప పరిచినట్టున్న గడ్డి ఉంటే, అవి మావైపు నుంచి వచ్చినవే కావచ్చు.

మా సంఘానికి ఆదివారం డెబ్బై మంది దాకా వస్తారు. అందులో ముప్పాతిక వంతు ఆడవాళ్ళు. వాళ్ళలో నర్సరీ పనికి వెళ్ళని ఇల్లు ఒకటో రెండో. పొద్దున్న ఏడింటికల్లా క్యారేజీ పట్టుకొని బయలుదేరతారు. ఎర్రమట్టి, పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు కలిపి కవర్లలో నింపుతారు. గుప్పెడు గుప్పెడు వేసి, దట్టించి, అడుగు తట్టి, వరసలో పెడతారు. కూర్చొని చేసే పని అని పేరే గాని, పొద్దస్తమానం గొంతుక్కూర్చొని చేసేది. కొమ్మలు కత్తిరించి నాటుతారు. అంట్లు కడతారు. పచ్చికను చాపల్లా కోసి చుట్టలు చుడతారు. లోడింగు ఉన్న రోజు చీకటి పడేదాకా మోసి లారీ ఎక్కిస్తారు. జనవరి ఒకటికి ముందు కొన్ని నర్సరీలలో వేల మొక్కలు పేర్చి కొత్త సంవత్సరం అంకెలు, అక్షరాలు రాస్తారు. పేపర్లలో ఆ ఫోటోలు మీరు చూసే ఉంటారు. ఆ అంకెల చుట్టూ మోకాళ్ళ మీద పాకుతూ ఒక్కో కవరూ సర్దినవాళ్ళలో మావాళ్ళు ఉంటారు. ప్రభువు బల్ల దగ్గర రొట్టె కోసం చాపిన చేతులను బట్టి, మొహం చూడకుండానే ఎవరిదో చెప్పగలం. అంటు కత్తి తెగిన గీతలు ఏ చేతికి ఎక్కడ ఉన్నాయో మాకు అలవాటైపోయింది.

ఇక సైకిళ్ళు. మా ఇద్దరిలో ఒకరికి షుగరు, ఇంకొకరికి మోకాళ్ళ నొప్పి. ఎవరికి ఏది అన్నది సంఘానికి తెలుసు, మీకు అక్కర్లేదు. డాక్టరు గారు షుగరు ఉన్నవారిని బాగా నడవమన్నారు. మోకాళ్ళవారిని ఎక్కువ నడవొద్దన్నారు. ఇద్దరం కలిసి చేయగలిగేది ఏముందండీ అని అడిగితే, సైకిలు తొక్కండి అన్నారు.

ఒక సైకిలు ఇంట్లోనే ఉంది, పాతది, బరువైనది. రెండోదాని కోసం కొనాల్సిన పని పడలేదు. హైస్కూలు ఆడపిల్లలకు ప్రభుత్వం 'బడికొస్తా' అని సైకిళ్ళు పంచింది, గుర్తుందా? మావైపు చాలా ఇళ్ళల్లో అలాంటిదొకటి పాకలో గోడకు ఆనించి ఉంటుంది. పిల్ల చదువు ఆగిపోయో, పెళ్ళయి అత్తారింటికి వెళ్ళిపోయో ఉంటుంది. సైకిలు మాత్రం ఉండిపోతుంది. దాని మీద కట్టెలు ఆరేస్తారు, కోళ్ళు ఎక్కి పడుకుంటాయి. ఒకరింట్లో అడిగి తెచ్చుకొని, రెండు ట్యూబులూ చైనూ మార్పించాం.

మొదటి వారం ఊళ్ళో అందరూ అడిగారు, "బండి పాడయిందా అయ్యగారండీ?" అని. సంఘ పెద్దల్లో ఒకాయన కొంచెం నెమ్మదిగా, "పాస్టరమ్మగారు సైకిలు తొక్కితే బాగుంటుందాండీ?" అన్నారు. బాగుంటుందో లేదో తెలీదు గాని ఇంతవరకు కింద పడలేదండీ అని అమ్మగారే జవాబు చెప్పారు. ఆ మాట అక్కడితో ఆగింది.

పార్కులకే ఎందుకంటే, ఊళ్ళో తిరిగితే లాభం లేదు. పాస్టరు గుమ్మం ముందు నుంచి వెళ్తుంటే పిలవకుండా ఎవరూ ఊరుకోరు. పిలిచాక టీ ఇవ్వకుండా పంపరు. ఆ టీలో పంచదార ఎంత వేస్తారో మీకు తెలుసు. మమ్మల్ని ఎరగనివాళ్ళు ఉండే చోటు కావాలి. శుక్రవారం ఉపవాస ప్రార్థన, ఆదివారం ఆరాధన, మధ్యలో శనివారం పొద్దున్న మాది. ఐదున్నరకు బయలుదేరితే ఎండ ముదిరేలోగా ఇంటికి రావచ్చు.

మొదట ధవళేశ్వరం వెళ్ళాం. కాలవ గట్టు పట్టుకొని వేమగిరి మీదుగా వెళ్తే హైవే బాధ చాలావరకు తప్పుతుంది. వెళ్ళేటప్పుడు కాలవ నీళ్ళు మనకు ఎదురొస్తుంటాయి, తిరిగి వచ్చేటప్పుడు మనతోపాటు వస్తాయి. నేల చూస్తే చదునే. కానీ ఎటు పల్లమో మోకాళ్ళకు తెలుస్తుంది. తెల్లవారుజామున గట్టు మీద ఉండేది చేపలవాళ్ళు, పాలవాళ్ళు, మేము.

ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం తెరిచే వేళ దాకా మేము ఉండం. మాకు కావలసింది ఆ దగ్గర చెట్ల నీడ, ఎదురుగా గోదావరి. 1847లో మొదలై 1852లో పూర్తయిన పాత ఆనకట్ట చోట ఇప్పుడున్నది 175 గేట్ల బ్యారేజి. ఇక్కడ నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. లంకల్లో చదువురాని ముసలమ్మలకు కూడా ఈ మూడు అంకెలూ నోటికి వచ్చు. కాటన్ దొర దైవభక్తి గలవాడని మా సంఘాల్లో గొప్పగా చెప్పుకుంటాం. కోనసీమలో బ్రాహ్మలు స్నానం చేసి నీళ్ళు వదిలేటప్పుడు ఆయన పేరు తలుచుకునేవారని చెబుతారు. ఒక మనిషిని ఇన్ని రకాల వాళ్ళు మావాడు అనుకోవడం మేము ఇంకెక్కడా చూడలేదు. రాళ్ళు మోసిన వేలమంది కూలీల పేర్లు మాత్రం ఎవరికీ తెలీవు. అందులో మా తాతముత్తాతలు ఉన్నారో లేరో.

తర్వాత రాజమండ్రి. ఊరి మధ్య కంబాల చెరువు, చుట్టూ నడకదారి, బెంచీలు. అక్కడి నుంచి గోదావరి గట్టుకు వెళ్తే పుష్కర ఘాట్, గౌతమి ఘాట్. గట్టును 2015 పుష్కరాలకు ముస్తాబు చేశారు, 2027 పుష్కరాలకు మళ్ళీ చేస్తున్నారు. మధ్యలో పన్నెండేళ్ళు దానికీ మనలాగే మామూలు రోజులు. మాకు ఆ మామూలు గట్టే ఇష్టం. విరిగిన బెంచీ మీద కూర్చొని పాత రైలు వంతెన చూస్తూ ఇంటి నుంచి తెచ్చుకున్న ఇడ్లీ తినడంలో ఉన్న సుఖం మీకు చెప్పి ఒప్పించలేం.

ఇలా నాలుగైదు నెలలు తిరిగాం. ఒక శుక్రవారం ప్రార్థన అయ్యాక గిన్నెలు తోముతూ ఒకావిడ అడిగింది.

"అమ్మగారండీ, మీరెళ్ళే పార్కుల్లో మన మొక్కలుంటాయాండీ?"

"ఉంటాయమ్మా, చాలా."

"ఎలా ఉన్నాయండీ? బతికాయా?"

ఆవిడకు యాభై దాటాయి. పెళ్ళయి ఈ ఊరు వచ్చినప్పటి నుంచి అదే పని. ఎన్ని లక్షల మొక్కలు ఆ చేతుల మీదుగా వెళ్ళాయో లెక్క లేదు. "లారీ ఎక్కించాక దాని సంగతి మాకు తెలీదండి. ఎక్కడ దిగుద్దో, ఎవరు నాటుతారో. ఇక్కడ నీళ్ళు తప్పితే తిడతారు. అక్కడ తప్పితే ఎవరు తిడతారండీ?" అంది. మిగతావాళ్ళు నవ్వారు. ఆవిడ నవ్వలేదు.

అలా మొదలైంది. ఎండాకాలం మొక్కల అమ్మకాలు తగ్గుతాయి, పని వారానికి మూడు నాలుగు రోజులకు పడిపోతుంది. పని లేని ఒక శనివారం ఆరుగురు వస్తామన్నారు. అందులో నలుగురికి సైకిలు వచ్చు, ఇద్దరు వెనక క్యారేజీ మీద. వచ్చినవాళ్ళకు కూడా తొక్కి ఏళ్ళయింది. 1990ల మొదట్లో తమిళనాడులో పుదుక్కోట జిల్లాలో అక్షరాలు నేర్పే ఉద్యమంతోపాటు వేలమంది ఆడవాళ్ళు సైకిలు నేర్చుకున్నారని చదివాం. మా వాళ్ళకు ఏ ఉద్యమమూ నేర్పలేదు. చిన్నప్పుడు అన్నల సైకిళ్ళు, అద్దె సైకిళ్ళు దొంగతనంగా తొక్కి నేర్చుకున్నవాళ్ళే అందరూ. మందిరం ముందు రెండు చుట్లు తిరిగేసరికి కాళ్ళకు గుర్తొచ్చేసింది. ఒకావిడ అయితే ఆగకుండా కాలవ దాకా వెళ్ళి వచ్చింది, బ్రేకు పట్టడం మరిచిపోయానండీ అని.

మేము తీసుకెళ్ళిన పార్కు పేరు చెప్పం. గేటు దగ్గర మనిషికింత టిక్కెట్టు. కార్లకు, మోటారు సైకిళ్ళకు స్టాండు, దానికొక రుసుము. సైకిలుకు రుసుము లేదు, ఎందుకంటే స్టాండే లేదు. బయట చెట్టు దగ్గర అన్నిటినీ కలిపి ఒకే గొలుసుతో కట్టాం, సంతలో పశువులను కట్టినట్టు.

లోపలికి వెళ్ళాక వాళ్ళు బెంచీల వైపు చూడనుకూడా లేదు. తిన్నగా మొక్కల దగ్గరికి పోయారు. చుట్టాల ఇంటికి పెళ్ళికి వెళ్తే వరసలు కలిపినట్టు, ఇది ఫలానా, ఇది ఫలానా అని. "ఈ కాగితంపూలు మన కటింగే." "ఇది మనది కాదు, మనవాళ్ళు ఇంత పొట్టిగా పంపరు." "ఈ పామ్ చూడొదినా, మొవ్వు ఎండిపోతంది." ఒక నూరువరహాల మొక్క పసుపెక్కి, ఆకులు రాలి ఉంది. మమ్మల్ని ప్రశ్న అడిగినావిడ దాని దగ్గర గొంతుక్కూర్చొని, మొదట్లో మట్టి గోకింది. రెండు వేళ్ళ లోతున నల్ల కవరు తగిలింది. కవరు తీయకుండా అలాగే పాతేశారు. వేరుకు దారి లేదు. "చూశారా అమ్మగారండీ, గొంతుకి తాడేసి నిలబెట్టారు" అంది. తలలోంచి పిన్ను తీసి, ఆ కవరును చుట్టూ చీల్చడం మొదలుపెట్టింది.

అప్పుడు విజిలు వినపడింది. కాపలా కుర్రాడు దూరం నుంచే కేకలేసుకుంటూ వచ్చాడు. "ఏమ్మా, బోర్డు కనపడటం లేదా? గడ్డి మీద నడవకూడదని రాసుంటే! దిగండి, దిగండి." మిగతావాళ్ళు గబుక్కున దారి మీదకు వచ్చేశారు, పిల్లలు పరుగెత్తినట్టు. మాకు మొహం వేడెక్కింది. ఏదో అనబోయేలోపు ఆవిడే లేచి, కాళ్ళ కింద గడ్డి చూసి, జాగ్రత్తగా వేళ్ళ మీద నడుచుకుంటూ బయటికి వచ్చింది.

"ఆ బాబు అన్నది నిజమేనండి. ఇది పరిచి నెల కాలేదు. వేరు పట్టేదాకా తొక్కకూడదు" అని మాతో అని, అతనివైపు తిరిగింది. "బాబూ, అతుకుల దగ్గర ఎండిపోతంది చూడు. పొద్దున్న ఒక్కపూటే తడుపుతున్నారు గదా? ఈ ఎండలకి సాయంత్రం కూడా తడపాలి. మీ వాళ్ళకి చెప్పు."

"నీకెలా తెలుసు?"

"కోసేది మేమే గదా బాబూ."

అతను కాసేపు ఏమీ అనలేదు. తర్వాత వెళ్ళి తోట పనివాణ్ణి పిలుచుకొచ్చాడు. ఆయనా కాంట్రాక్టరు కింద కూలీయే. పెద్దవాడు, మెళ్ళో తువ్వాలు, చేతిలో కత్తెర. వాళ్ళిద్దరూ పాతికేళ్ళ పరిచయం ఉన్నట్టు ఒక అరగంట మాట్లాడుకున్నారు. నాటింది ఆయన కాదట, ముందు పనిచేసినవాళ్ళట. ఆ వరసలో ఇంకా ఎన్ని మొక్కలకు కవరు తీయలేదో ఇద్దరూ వంగి గోకి చూశారు. పదకొండు. ఆయన కత్తెర ఆవిడకు ఇచ్చాడు, ఆవిడ పిన్ను పక్కన పెట్టింది. కాపలా కుర్రాడు పక్కనే నిలబడి, మిగతావాళ్ళు గడ్డి ఎక్కకుండా చూస్తూనే ఉన్నాడు. ఆవిడను మాత్రం ఏమీ అనలేదు.

మొదటి మనిషిని దేవుడు తోటలో ఉంచాడని, ఊరికే ఉంచలేదు, దాన్ని చూసుకొనే పని పెట్టి ఉంచాడని మనకు తెలుసు. ఆ భాగం మీద మేము ఎన్నోసార్లు మాట్లాడాం. ఆ రోజు మాత్రం ఇంకొకటి గుర్తొచ్చింది. యేసుప్రభువు సమాధి ఒక తోటలో ఉంది. పునరుత్థానం నాటి ఉదయం మగ్దలేనే మరియ ఆయన్ను చూసి తోటమాలి అనుకుంది. ఏడుస్తోంది గనుక గుర్తుపట్టలేదని ప్రసంగాల్లో చెబుతాం. అది నిజమే కావచ్చు. కానీ ఆయన్ను చూసి రాజు అనుకోలేదు, యాజకుడు అనుకోలేదు, సైనికుడు అనుకోలేదు. పొద్దున్నే లేచి మట్టిలో పనిచేసే మనిషి అనుకుంది. ఆ పోలిక ఆయనకు చిన్నతనం అనిపించినట్టు సువార్తలో ఎక్కడా లేదు. ఈ మాట వచ్చే ఈస్టరుకు దాచుకుందామనుకున్నాం, ఆగలేక ఇక్కడ రాసేశాం.

ఆ తర్వాత వారం కంబాల చెరువుకు వెళ్ళాం. ఈసారి కూర్చోబెట్టాం. కూర్చోబెట్టాం అని ఎందుకంటున్నామంటే, వాళ్ళకు ఊరికే కూర్చోవడం రాదు. ఒకావిడ బెంచీ అంచు మీద, ఎవరో పిలిస్తే లేచిపోయేటట్టు కూర్చుంది. ఇంకొకావిడ కింద పడిన ఎండుటాకులు ఏరి కుప్ప పెట్టడం మొదలుపెట్టింది. "వదిలేయమ్మా" అంటే, "చేతులు ఊరుకోవండీ" అంది. పావుగంటకు ఒక్కొక్కరూ వెనక్కి ఆనుకున్నారు. అందరికంటే పెద్దావిడ చెప్పులు విప్పి, కాళ్ళు బెంచీ మీదకు తీసుకొని, కొంగు మొహాన కప్పుకొని నిద్రపోయింది. నడకకు వచ్చినవాళ్ళు చూసుకుంటూ పోయారు. మేము లేపలేదు. గంట తర్వాత తనంతట తానే లేచి, చుట్టూ చూసి, మెల్లగా అంది, "ఎవరూ లెగమనలేదండీ."

తిరుగుదారిలో కాలవ గట్టున సైకిళ్ళు దిగి నడుస్తున్నప్పుడు ఆవిడే చెప్పుకొచ్చింది. వాళ్ళ పుట్టింటి ఊళ్ళో నడివీధిలో రావిచెట్టు, చుట్టూ సిమెంటు అరుగు. "మా చిన్నప్పుడు అక్కడ మా పేటవాళ్ళని కూచోనిచ్చేవోరు కాదండి. మా నాయన ఆ పక్కనించి వెళ్తే తువ్వాలు తీసి చేత్తో పట్టుకునేవోడు. ఇప్పుడు అలా ఏం లేదండి. కూచోవచ్చు, ఎవరూ అనరు. కానీ కూచోబుద్ధి కాదు." కాసేపు ఆగి, "ఇక్కడ పక్కన కూచున్నాయన నన్ను ఏ ఊరని కూడా అడగలేదండి" అంది.

మా ఊళ్ళలో ఏ ఊరు, ఎవరి తాలూకు అన్నది పలకరింపు. మంచి పలకరింపే. కానీ ఆ ప్రశ్న తర్వాత ఇంకో ప్రశ్న రాబోతోందని భయపడుతూ బతికినవాళ్ళకు, అడగని చోటు ఎంత హాయో మాకు ఆ రోజు ఆవిడ గొంతులో వినపడింది. పార్కును గొప్పగా కట్టనక్కరలేదు. ఫౌంటెన్లు, రంగు లైట్లు, ఫోటోలు దిగడానికి పెద్ద పెద్ద అక్షరాలు, ఇవన్నీ ఉంటే ఉండనివ్వండి. లేవమనని బెంచీ ఒకటి ఉంటే అది పార్కే.

ఒక్క సంగతి మాత్రం గట్టిగా చెప్పాలి. మేము చూసిన పార్కుల్లో ఆడవాళ్ళ మరుగుదొడ్డికి తాళం వేసి ఉండటం చాలాసార్లు చూశాం. తాళంచెవి ఎవరి దగ్గరుందో గేటు దగ్గర తెలీదంటారు. మగవాళ్ళకు ఇది చిన్న సంగతి, గోడ ఉంటే చాలు. ఆడవాళ్ళు పొద్దున్న నీళ్ళు తాగడం మానేసి వస్తున్నారు. షుగరు ఉన్న మనిషికి, ఎండలో సైకిలు తొక్కి వచ్చే మనిషికి నీళ్ళు మానడం అంటే ఏమిటో ఆలోచించండి. మీలో ఎవరైనా మున్సిపాలిటీలో ఉద్యోగం చేస్తుంటే, కౌన్సిలరు గారు మీకు తెలిసినవారైతే, ఈ మాట చెవిన వేయండి. సాయంత్రం పార్కు మూసే వేళ కూడా అంతే. నర్సరీ నుంచి వచ్చి, స్నానం చేసి, వంట చేసి, అప్పుడు తీరిక దొరికే మనిషికి గేటు మూసే ఉంటుంది.

మధ్యలో చిరుత సంగతి చెప్పకపోతే మా ఊరివాళ్ళు ఊరుకోరు. 2024 సెప్టెంబరులో రాజమండ్రి పక్కన దివాన్‌చెరువు అడవి దగ్గర చిరుత తిరుగుతోందన్నారు. ఆ నెల చివరికి దాని అడుగులు మా కడియం నర్సరీల్లోనే కనిపించాయి. దాక్కోవడానికి అంతకంటే మంచి చోటు ఎక్కడుంటుంది? నీడ, నీళ్ళు, మనిషెత్తు మొక్కలు. చీకటితో బయటికి రావొద్దన్నారు. మా సైకిళ్ళు కొన్ని వారాలు గోడకు ఆనాయి. "అదీ పార్కు చూద్దామని బయలుదేరి ఉంటుందండీ, టిక్కెట్టు లేక ఇటొచ్చింది" అని ఒకావిడ అంటే అందరం పడి పడి నవ్వాం. కానీ పనికి పోని ఆ రోజులకు కూలి లేదు. చిరుత కోనసీమ వైపు వెళ్ళిపోయిందని పేపర్లో వచ్చిన మర్నాడే అందరూ క్యారేజీలు పట్టుకొని పోయారు. చూసి భయపడటానికి కూడా డబ్బులుండాలి.

మా మందిరం స్థలం ఐదు సెంట్లు. మందిరం పోను ముందు వైపు కొంచెం ఖాళీ, ఒక వేపచెట్టు. అమెరికాలో ఉంటున్న ఒక తెలుగు కుటుంబం, మా ఊరి అల్లుడి తరఫువారు, ఆ ఖాళీ అంతా సిమెంటు చేయించి రేకుల షెడ్డు వేయిస్తామని ప్రేమతో ముందుకు వచ్చారు. పెళ్ళిళ్ళకు, పండుగలకు పనికొస్తుంది. షెడ్డు వేస్తే వేపచెట్టు ఉండదు. పెద్దలకు షెడ్డు మీద మనసుంది, వాళ్ళ మాటలోనూ న్యాయం ఉంది. వానలో భోజనాలు పెట్టిన అనుభవం అందరికీ ఉంది. ఈ సంగతి సంఘ కూటమిలో వచ్చినప్పుడు, మామూలుగా వెనక వరసలో తలవంచుకొని కూర్చునే ఆడవాళ్ళు లేచి, చెట్టు ఉంచండి, కింద రెండు బల్లలు వేయించండి అన్నారు. ఆవిడను, అదే కవర్లు చీల్చినావిడను, పచ్చిక కూడా వేయిద్దామా అమ్మా అని మేము అడిగాం.

"గడ్డి వద్దండి. గడ్డేస్తే బోర్డు పెట్టాలి" అంది.

చివరికి షెడ్డు మందిరం వెనక వైపు, చిన్నదిగా. ఆ కుటుంబం వారు పెద్ద మనసుతో ఒప్పుకున్నారు. వేపచెట్టు కింద రెండు సిమెంటు బల్లలు దిగాయి. ప్రహరీ పొడవునా వేసిన మొక్కలు నర్సరీల్లో వంకర పోయాయని, పొట్టిగా ఉన్నాయని పక్కన పడేసినవి. యజమానులను అడిగే తెచ్చారు. నాటిన రోజు కవర్లు తీసి ఒకచోట కుప్ప పోసి లెక్కపెట్టారు, మొక్కలు ముప్పై నాలుగు, కవర్లు ముప్పై నాలుగు. సాయంత్రాలు ఇప్పుడు మా సంఘం వాళ్ళే కాక పక్క వీధివాళ్ళు, మందిరం గుమ్మం ఎప్పుడూ తొక్కనివాళ్ళు కూడా ఒకరిద్దరు వచ్చి కూర్చుంటున్నారు. రాత్రి గేటుకు తాళం వేయాలా వద్దా అన్న దాని మీద మాత్రం ఇంకా మాట తెగలేదు. మైకు సెట్టు లోపల ఉంది, దాని భయం పెద్దలది. వచ్చే నెల కూటమిలో మళ్ళీ కూర్చుంటాం.

ఈ శనివారం ధవళేశ్వరం. పదకొండు మంది పేర్లు ఇచ్చారు, సైకిళ్ళు తొమ్మిదే ఉన్నాయి. కడియం చుట్టుపక్కల మీ పాకలో వాడకుండా పడి ఉన్నది ఏదైనా ఉంటే కబురు చేయండి. గాలి, పంక్చర్లు, చైను మేము చూసుకుంటాం.